ఫిల్టరు కాగితంలో రాగిపొడి

టైర్ల దుకాణాల వీధి చివర, లేతు షాపు పక్కన ఉన్న రేకుల షెడ్డులో ఆ మేస్త్రి ముప్పై రెండేళ్ళుగా ఇంజిన్లు విప్పి బిగిస్తున్నాడు. అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను నడుస్తున్న ఇంజినుకు ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని, అర నిమిషం కళ్ళు మూసుకుంటాడు. కళ్ళు తెరిచాక రోగం ఎక్కడుందో చెబుతాడు. పెద్ద పెద్ద షోరూములవాళ్ళు చేతులెత్తేసిన బళ్ళు కూడా ఈయన దగ్గరికి వచ్చేవి. దాంతో ఆ చెవి గురించిన గర్వం కాస్త తలకెక్కిన మాట నిజమే.

ఈ మధ్య ఆయనకు ఇంజిన్లన్నీ మెత్తబడ్డట్టు అనిపిస్తోంది. "కొత్త రకం ఆయిళ్ళొచ్చాక బళ్ళకి మర్యాద తెలిసొచ్చిందిరా" అని లేతు పనివాడితో అనేవాడు. 

మేస్త్రి పెట్టుకున్న కట్టుబాట్లు రెండు. ఆయిల్ మార్చినప్పుడల్లా పాత ఫిల్టరును కోసి, లోపలి మడతల కాగితాన్ని ఎండలో పరిచి చూడాలి. చూశాకే బండి ట్రయల్‌కి కదలాలి. ఇక రెండోది, స్టీరింగు పట్టుకున్న మనిషి ఫోన్ ఎత్తకూడదు. ఇది కూతురికే కాదు, బండి తెచ్చిన ప్రతివాళ్ళకీ నూరిపోసేవాడు. కూతురు రెండేళ్ళ క్రితం షెడ్డుకొచ్చింది. ట్రయల్ తీసేది ఆమే.

ఆ మధ్యాహ్నం పళ్ళ డాక్టరు తన స్పోర్ట్స్ కారు తెచ్చాడు. పన్ను పీకేటప్పుడు మహా నెమ్మదస్తుడు, స్టీరింగు మీద చెయ్యి పడితే మాత్రం పూనకమే. వేగం ఎక్కువైనప్పుడు ఇంజిన్లో ఏదో తట్టినట్టు ఉంటోందన్నాడు. ఆయిలూ ఫిల్టరూ మార్చాక మేస్త్రి స్క్రూడ్రైవరు ఆనించి విన్నాడు. వెన్నలా నడుస్తోంది.

"నిక్షేపంలా ఉంది డాక్టరుగారూ. మీ అనుమానం తప్ప ఏం లేదు."

"మీ చెవి చెప్పాక ఇంకేం కావాలి!" అన్నాడు డాక్టరు.

కూతురు పాత ఫిల్టరు చేతిలో పట్టుకుని నిలబడింది. "నాన్నా, ఇది కోసి చూద్దామా?"

అంత పొగడ్త విన్నాక, అదీ డాక్టరు ఎదుట, ఆ ప్రశ్న ఆయనకు చురుక్కుమంది. "నేను విన్నాను కదే! కొండరోడ్డు దాకా తీసుకెళ్ళు. దిగేటప్పుడు ఒక్కసారి మీటరు ముల్లు ఎర్రగీత దాకా పోనివ్వు."

ఆమె ఫిల్టరు బల్లమీద పెట్టి, తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. డాక్టరు ఆటో ఎక్కి క్లినిక్‌కి పోయాడు. షెడ్డు ఖాళీ అయ్యింది. చేతులు ఊరుకోక మేస్త్రి ఆ ఫిల్టరు తీసి కోశాడు.

కాగితం మడతలు విప్పి ఎండలో పెట్టగానే మెరిసింది. వెండిరంగు పొడి అయితే కాస్త తమాయించుకునేవాడు. ఇది రాగిరంగు. వేలితో రాస్తే చిన్న పొలుసు కూడా తగిలింది. 

ఇంజిన్లో తిరిగే క్రాంకు ఇరుసుకీ, దాన్ని తిప్పే పిస్టన్ రాడ్డుకీ మధ్య బద్దల్లాంటి బేరింగులుంటాయి. పైన మెత్తటి పూత, దాని కింద రాగి. ఆయిల్లో రాగి కనిపించిందంటే పూత అరిగి అడుగు తేలినట్టే. నెమ్మదిగా పోతే ఇంకొన్నాళ్ళు ఈడుస్తుంది. ఎర్రగీత దాకా తొక్కితే బేరింగు పట్టేస్తుంది, రాడ్డు విరిగి ఇంజిన్ పక్కను చీల్చుకుని బయటికొస్తుంది. పని నేర్చుకునే రోజుల్లో అలాంటి ఇంజిన్ ఒకటి చూశాడు. పిడికిలి పట్టేంత కన్నం. వేడి ఆయిల్ కారి వెనక టైర్ల కింద పడి, బండి గిర్రున తిరిగి లోయలోకి పోయిందట. దాన్ని నడిపిన మనిషి గురించి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ సీట్లో తన కూతురుంది. ఎర్రగీత దాకా పొమ్మన్నది తనే.

ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. నాలుగోసారీ ఎత్తలేదు. 'ఎత్తొద్దని చెప్పిన నా నోరు పడిపోను' అనుకున్నాడు. లేతు షాపులోకి పరిగెత్తి, "బండి తియ్యి. అమ్మాయి... కొండరోడ్డు" అన్నాడు. ఆయన మొహం చూసి లేతు పనివాడు వెంటనే మోటారుసైకిలు తీశాడు.

దారి పొడుగునా మేస్త్రి రోడ్డునే చూశాడు. నల్లటి మరక కనిపించిన చోటల్లా నెమ్మదించమని భుజం తట్టాడు. ఎదురుగా అంబులెన్సు ఒకటి వచ్చింది. దాని ఎర్రదీపం తిరుగుతోంది గానీ కూత లేదు. "ఖాళీగా పోతోందేమోరా" అన్నాడు, తనకు తనే ధైర్యం చెప్పుకుంటూ.

"అంత గట్టిగా కూస్తోంటే ఖాళీ ఏంటి మేస్త్రీ?" అన్నాడు లేతు పనివాడు.

మేస్త్రి తల తిప్పి వెళ్ళిపోతున్న ఎర్రదీపాన్ని చూశాడు. అప్పటికీ ఆయనకు ఏ కూతా వినపడలేదు. 

కొండరోడ్డు మొదలయ్యే ముందు, మూతపడ్డ కర్మాగారం గోడ దగ్గర కారు కనిపించింది. బానెట్టు లేచి ఉంది. కూతురు గోడకు ఆనుకుని నేలమీద కూర్చుంది. ఒంటి మీద గీత కూడా లేదు. ఒళ్ళో పొడవాటి స్క్రూడ్రైవరు, పక్కన ఫోన్.

ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది. "ఫోన్ ఎందుకెత్తలేదే?"

"ఎత్తితే ఏం చెప్పాలో తెలీలేదు నాన్నా."

మేస్త్రి నేలవైపు చూశాడు. గోడవారగా దుమ్ములో పాత ఆయిల్ చుక్కలు, ఎండిపోయినవి, సగం ఎండినవి, పదులకొద్దీ ఉన్నాయి. ఇక్కడ ఆగింది ఈ ఒక్క బండి కాదు.

"ప్రతి బండీ ఇక్కడ ఆపి వింటావా?"

ఆమె తలూపింది.

"ఎప్పట్నుంచి?"

"షెడ్డుకొచ్చిన మొదటి నెల నుంచీ. కుడివైపు నుంచి పిలిస్తే నువ్వు పలకట్లేదు. ఇప్పటిదాకా మూడు బళ్ళు దొరికాయి. ఏదో ఒకటి చెప్పి నీచేతే విప్పించాను." స్క్రూడ్రైవరు ఒళ్ళోంచి తీసి కింద పెట్టింది. "ఇందులోనూ తట్టుడు వినిపించింది. ఇవాళ డాక్టరు ముందు అంత ధీమాగా అనేశావు. ఎలా చెప్పాలా అని కూర్చున్నా."

కారును తాడు కట్టి లాక్కొచ్చారు. మర్నాడు పొద్దున్నే తండ్రీకూతుళ్ళు ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే సంపు విప్పి బేరింగులు బయటికి తీశారు. ఆరు జతల్లో రెండు పూత పోయి ఎర్రగా తేలాయి. ఒకదాని అంచు పలచబడి గోటికి వంగింది. క్రాంకు మీద గీతలు పడ్డాయి. దాన్ని సాఫు చేయడానికి లేతు షాపుకి ఇచ్చారు. కొండ దిగే దారిలో తొలి మలుపు దాకా కూడా ఆ ఇంజిన్ వచ్చేది కాదని మేస్త్రికి తెలిసిపోయింది. ఆ బేరింగును చేతిలో తిప్పుతూ లెక్క వేసుకున్నాడు.

కూతురొచ్చి రెండేళ్ళు. చేతిగడియారం అలారం వినపడటం మానేసి నాలుగేళ్ళు. గడియారమే పాడైందని కొత్తది కొన్నాడు, అదీ మోగలేదు. అంటే గోడ దగ్గర ఎవరూ ఆగి వినని రెండేళ్ళున్నాయి. ఆ రెండేళ్ళలో, ఆయిల్ మార్చే పనిలేక ఫిల్టరు కోయని ఎన్ని ఇంజిన్లకు చెవితోనే వెన్నలా ఉందని చెప్పి పంపాడో! 

"ఆ పాత రిజిస్టర్లు తియ్యమ్మా" అన్నాడు.

బళ్ళ నంబర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న పేజీల్లో వేగంగా పోయే బళ్ళ కింద ఆమె గీత గీసి ఇచ్చింది. పందొమ్మిది తేలాయి. మొదటి నంబరుకి చేసి, ఫోన్ ఎడమ చెవికి పెట్టుకున్నాడు. ఒకావిడ ఎత్తింది.

"అమ్మా, నేను చెవి... నేను మెకానిక్ మేస్త్రిని. సార్ బండి ఒకసారి చూడాలి. ఆయనున్నారా?"

"ఇప్పుడే బండేసుకుని వెళ్ళారండీ. పిల్లలు కూడా ఉన్నారు."

"ఒక్కసారి ఫోన్ చేసి ఆపమనండమ్మా."

"డ్రైవింగులో ఆయన ఫోనెత్తరండీ" అందావిడ నవ్వుతూ. "మీరే చెప్పారటగా."

మేస్త్రి అప్పటికే లేచి నిలబడ్డాడు. "ఏ దారినమ్మా?" అని అరిచాడు. ఆవిడ చెప్పింది చెవికందక, ఫోన్ కూతురి చేతిలో పెట్టాడు.