ఆవకాయ కోసం పారేసిన డబ్బీలు

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరికీ తెలుసు. దానికి తోడు, నా అంత తెలివైనవాడు లేడన్న నమ్మకం కూడా ఒకప్పుడు ఉండేది. ఐటీ ఉద్యోగాలు మంచి ఊపు మీదున్న రోజులవి. సింగపూర్‌లో మా ఆఫీసులో వారానికో కొత్త తెలుగు ముఖం కనిపించేది. యూ టీ అనే పేటలో ఒక ఫ్లాట్ అద్దెకి తీసుకుని నేనూ, మా ఆవిడా ఉండేవాళ్లం. అప్పుడు ఆవిడకి ఆరో నెల.

ఆ నెల పరీక్షల్లో ఆవిడకి షుగర్ ఉందని తేలింది. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి వస్తుందని, కానుపయ్యాక చాలామందికి పోతుందని డాక్టరు చెప్పాడు. అప్పటిదాకా రోజుకి నాలుగుసార్లు వేలు గుచ్చి చూసుకోవాలి. తిన్న రెండు గంటలకి చూస్తే సింగపూర్ లెక్కలో ఏడు లోపు, అంటే మన లెక్కలో సుమారు నూట పాతిక లోపు ఉండాలి. మీటరు ఇక్కడే కొన్నాం. అందులో పెట్టే స్ట్రిప్స్ మాత్రం మందుల షాపులో ధర అడిగి, తర్వాత కొంటానని బయటికి వచ్చేశాను. అదే కంపెనీ స్ట్రిప్స్ హైదరాబాద్‌లో బాగా చౌక.

అప్పట్లో మాకొక అలవాటుండేది. ఎవరైనా ఇండియా నుంచి వస్తున్నారని తెలిస్తే చాలు, వాళ్ల సూట్‌కేసులో తలా కాస్త చోటు పంచుకునేవాళ్లం. కందిపొడి, కుక్కర్ రబ్బరు, పిల్లల మందులు, ఏదైనా సరే అట్టపెట్టెలు చించేసి, సీసాలు మార్చేసి కుదించి పంపించమనేవాళ్లం. ఆ నెల సెలవుకెళ్లి తిరిగొస్తున్నవాడు నా స్నేహితుడు, మా ఆఫీసులోనే పక్క సీటు. వాడి పెట్టెలో నా వాటా రెండు కిలోలు. అందులో మా ఊరి ఆవకాయ సీసా, ఈ స్ట్రిప్సూ పట్టాలి.

బయల్దేరే ముందురోజు వాడు సర్దుతూ రెండూ పట్టడం లేదన్నాడు. నేను హాల్లో కూర్చుని ఫోన్ కార్డు అయిపోతోందని అరిచి మాట్లాడుతున్నాను. వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది.

"ఒరేయ్, ఆ స్ట్రిప్స్ డబ్బీలు పారెయ్. స్ట్రిప్స్ అన్నీ ఒక జిప్ కవర్లో పోసి పట్రా. డబ్బీ మీద మీటర్లో కొట్టే కోడ్ నంబరుంటుంది, అది చీటీ మీద రాసి పడెయ్, చాలు."

"డబ్బీల్లోనే ఉంచితే మంచిదేమోరా. మూత గట్టిగా పెట్టుకోవాలని షాపాయన మరీ మరీ చెప్పాడు."

"నువ్వేమన్నా డాక్టరువా? చెప్పింది చెయ్. ఆవకాయ మాత్రం వదిలేశావో, ఊరుకోను."

వాడు చెప్పినట్టే చేశాడు. ఆవకాయ భద్రంగా వచ్చింది.

మొదటి వారం అంకెలు బాగానే ఉన్నాయి. తర్వాత పెరగడం మొదలెట్టాయి. ఎనిమిది, తొమ్మిది, ఒకరోజు పదిన్నర. నేను కంప్యూటర్‌లో పట్టిక వేసి, ఏడు దాటిన ప్రతి గడికీ ఎర్ర రంగు పూశాను. నెల తిరిగేసరికి పట్టికంతా ఎరుపే.

"నిజం చెప్పు. నేను ఆఫీసుకెళ్లాక ఏం తింటున్నావు?"

"ఏమీ తినట్లేదండీ. రెండు పుల్కాలు, కాస్త కూర. మీరు చెప్పినవే."

"మరి మీటరు అబద్ధం చెబుతోందా?"

ఆవిడ మర్నాటి నుంచి ఒక్క పుల్కాయే తిన్నది. అయినా అంకె తగ్గలేదు. నేను బిస్కెట్ల డబ్బా తీసి బీరువా మీద, కడుపుతో ఉన్న మనిషికి అందని చోట పెట్టాను. అక్కడితో ఆగినా బాగుండేది. సాయంత్రం ఇంటికొచ్చి చెత్తబుట్టలో చాక్లెట్ కాగితాలేమన్నా ఉన్నాయేమోనని వెతికాను. ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. చూస్తోందని తెలిసీ వెతికాను. ఆ తర్వాత చేతులు కడుక్కుని, ఆవిడ ఎదురుగానే కూర్చుని, వేడన్నంలో ఆవకాయ కలుపుకుని తిన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

తర్వాతి చెకప్‌లో ఆవిడ బరువు రెండు కిలోలు తగ్గింది. బిడ్డ కూడా ఎదగాల్సినంత ఎదగలేదన్నారు. డాక్టరు నా పట్టిక చూసి, ఇక ఇన్సులిన్ మొదలుపెడదామన్నాడు. దానికి ముందు నర్సు వాళ్ల మీటరుతో ఒకసారి చూసింది. ఐదు పాయింట్ మూడు. ఆ వెంటనే మా మీటరుతో చూసింది. తొమ్మిది పాయింట్ ఎనిమిది. నా చేతిలోని జిప్ కవరు తీసుకుని అటూ ఇటూ తిప్పి, తన సింగపూర్ ఇంగ్లీషులో అంది.

"అయ్యో, ఇలా పెట్టకూడదు, కెనాట్ లా! చెమ్మ తగిలితే అన్నీ పాడైపోతాయి. డబ్బీలోంచి ఎవరు తీశారు?"

మా ఆవిడ నా వైపు చూసింది.

"మా ఫ్రెండ్. ఇండియా నుంచి తెచ్చాడు. పాపం, వాడికి తెలీదు," అన్నాను. తడుముకోకుండా అనేశాను. ఆవిడ తల దించుకుంది.

ఇన్సులిన్ అక్కర్లేదన్నారు. కడుపు నిండా తినమన్నారు. ఆసుపత్రి కింద, చిన్న చిన్న తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో కూర్చున్నాక ఆవిడ మెల్లగా అడిగింది.

"ఏవండీ, ఇవాళ కాస్త అన్నం తినొచ్చా?"

భార్య అన్నం తినడానికి మొగుడి అనుమతి అడిగే దాకా తెచ్చాను. తెల్లన్నం, కూర తెచ్చి ముందు పెట్టాను. ఆవిడ తలెత్తకుండా తింటుంటే సారీ చెప్పాలనుకున్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను.

పాప కాస్త తక్కువ బరువుతో పుట్టినా ఆరోగ్యంగానే పుట్టింది. నా స్నేహితుడు ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. మా ఆవిడ వాడికి కొసరి కొసరి వడ్డించేది. తన పస్తులకి వాడే కారణమనుకుంటూ కూడా వాడి మీద కోపం పెట్టుకోని మనసు ఆవిడదని నేను లోలోపల మెచ్చుకునేవాణ్ణి. అసలు సంగతి వాడికీ చెప్పలేదు, ఆవిడకీ చెప్పలేదు.

ఈమధ్య నాకే షుగర్ వచ్చింది. మొన్న పొద్దున వేలు గుచ్చుకుని, డబ్బీ మూత గట్టిగా నొక్కుతుంటే మా ఆవిడ పక్కన కూర్చుని చిక్కుళ్లు వలుస్తోంది.

"మూత సరిగ్గా పడిందో లేదో చూసుకోండి," అంది.

"పడిందిలే."

"డబ్బీలు పారెయ్యమని మీరు ఫోన్లో చెప్పినప్పుడు నేను వంటింట్లోనే ఉన్నానండీ."

డబ్బీ కింద పెట్టాను. ఇరవై ఏళ్ల పైమాట అది.

"మరి నర్సు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెబుతారనుకున్నాను," అంది. "ఇంటికెళ్లాకైనా చెబుతారనుకున్నాను. పాపం, ఆ అన్నయ్యకి వడ్డించినప్పుడల్లా, ఇవాళ చెబుతారేమోనని మీ ముఖం చూసేదాన్ని."

చిక్కుడు గింజలు గిన్నెలో వేసుకుని, కూర వండడానికి లేచి వెళ్లింది.