కోళ్లగూటికి ఇంటర్నెట్

మా అక్క ఆర్డిత్ అరవై తొమ్మిదో ఏట తన కోళ్లగూటికి ఇంటర్నెట్ కావాలని అడిగింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఇప్పటికీ లారెల్ వాగు లోయలో ఆమె పేరెత్తితే ముందు నవ్వుతారు, ఆ తరువాతే టోపీ తీస్తారు.

అక్క ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపింది. మాట కూడా గేరు మార్చినట్టే, ఒక కుదుపుతో మొదలుపెట్టేది.

మా కౌంటీకంతా ఇంటర్నెట్ కంపెనీ ఒక్కటే. దాని తీగ మూడు మైళ్ల అవతల వంతెన దగ్గరే ఆగిపోయింది. డాక్టరుకు గొంతు చూపించాలన్నా ఊళ్లోకి వెళ్లి, గ్రంథాలయం ముందు కారాపి, వాళ్ల వైఫై పట్టుకుని, ఫోనులోకి నోరు తెరుచుకుని కూర్చోవాలి. అక్క ఇరవై రెండిళ్ల వాళ్లనూ పోగుచేసి, మన తీగ మనమే వేసుకుందామని సహకార సంఘం పెట్టించింది. రాష్ట్రం సాయం చేస్తానంది. అయితే లోయలో ఎవరికీ ఇంటర్నెట్ అందడం లేదని ప్రభుత్వ పటం చెప్పాలి.

పటంలో మా లోయ నడుమ ఒక నీలం చుక్క ఉంది. అడిగిన పది రోజుల్లో అక్కడ ఇంటర్నెట్ ఇస్తామని కంపెనీ రాసిచ్చిందట. వెళ్లి చూస్తే అది అక్క కోళ్లగూడు. ఆకాశం నుంచి ఫొటో తీసినవాళ్లు రేకుల కప్పు చూసి ఇల్లనుకున్నారు.

అక్క రాష్ట్ర కార్యాలయానికి ఫోన్ చేసింది.

"అది ఇల్లు కాదని తేల్చే శాఖ వేరే ఉందండీ, ఏడాది పడుతుంది. అడిగినా కంపెనీ ఇవ్వలేదని కాగితం తెస్తే వారంలో చుక్క తీసేస్తాం" అన్నాడు అక్కడి మనిషి.

సాయానికి గడువు నెలాఖరు. అక్క వెంటనే కంపెనీకి ఫోన్ కలిపింది. పక్కనే కూర్చుని నేను మెత్తటి బిస్కెట్ రొట్టె మీద గ్రేవీ పోసుకుంటున్నాను.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు మేడమ్?" అంది అవతలి అమ్మాయి.

"పదిహేడు మంది. ఒక్కడు తప్ప అందరూ ఆడవాళ్లే."

"అబ్బో! ఇంటి నుంచే పని చేస్తారా?"

"తెల్లారకముందే మొదలుపెడతారు తల్లీ. వాడొక్కడే అరుస్తూ తిరుగుతాడు."

"అయితే టీవీ ప్యాకేజీ కూడా తీసుకోండి. ఏం చూస్తారు వాళ్లు?"

"నక్కలు లేనిది ఏదైనా సరే."

గ్రేవీ నాకు ముక్కులోకి పోయింది. "చావకురా, సాక్షివి నువ్వే" అంది అక్క, రిసీవరుకు చెయ్యి అడ్డుపెట్టి.

ఎవరూ రారనుకున్నాం. తొమ్మిదో రోజున కంపెనీ వ్యాను వచ్చింది. అందులోంచి కంపెనీ పనివాడు లోవెల్ దిగాడు, భుజాన ఒక పెట్టెతో. అక్క ముఖంలో రంగు పోయింది. వాడు నిజంగా ఇచ్చేస్తే కోళ్లకు ఇంటర్నెట్, మాకు గుండుసున్న.

లోవెల్ గూట్లో దూరాడు. కాసేపటికి జుట్టులో ఈకలతో బయటికొచ్చాడు.

"పెట్టె తగిలించాను ఆర్డితమ్మా. దీపం మాత్రం వెలగదు."

"ఎందుకని?"

"తీగ వంతెన దగ్గరే ఉంది కదా. ఆఫీసువాళ్లు పెట్టె తగిలిస్తే చాలన్నారు. 'ఇచ్చాం' అని రాసుకుంటారట."

"నా బస్సెక్కిన రోజుల్లో నువ్వు అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి. ఇప్పుడూ అంతేరా."

వాడు చెవులు తడుముకున్నాడు. "నా ఉద్యోగం పోతుందమ్మా."

"అబద్ధం రాయమన్నానా? నిజమూ రాయమనను. నువ్వు చూసింది రాయి, అంతే."

నిజమూ, చూసిందీ ఒకటేనని వాడికి తట్టే లోపే అక్క కలం చేతిలో పెట్టింది. వ్యాను బానెటు మీద కాగితం పరిచి, వాడు నాలుక బయటపెట్టి రాశాడు: "పెట్టె బిగించాను. తీగ లేదు, ఇంటర్నెట్ రాదు. పెట్టె మీద కోడి కూర్చుంది, దిగనంటోంది." కింద సంతకం, తేదీ. దాని నకలు అక్క ఆ రోజే రాష్ట్ర కార్యాలయానికి పంపింది.

గడువుకు రెండు రోజుల ముందు చుక్క పోయింది. లోయ పటంలో తెల్లకాగితంలా అయింది. ఆ సాయంత్రం చర్చి వెనక బల్లలు వేసి, చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె, రూబార్బ్ కాడలతో చేసిన 'పై' అనే తీపి వంటకం తెచ్చుకున్నారు. లోవెల్ కూడా వచ్చాడు. వాడి ఉద్యోగం పోలేదు. వాడు రాసింది ఆఫీసులో ఎవరూ చదవలేదట.

"మనకేమీ లేదని సర్కారు ఒప్పుకున్నందుకు ఇంత సంబరమా!" అన్నాడు సంఘం కోశాధికారి ఆర్విల్, మూడో తీపి ముక్క వడ్డించుకుంటూ.

"ఎక్కువ తినకు ఆర్విల్. రేపు మన తీగకు మొదటి గుంట నువ్వే తవ్వాలి" అంది అక్క.

అతను పళ్లెం కింద పెట్టి నడుము పట్టుకుని మూలిగాడు.