పర్దా కంపెనీ మొదటి పేజీ

పటాన్‌చెరు బస్టాండు దగ్గర నర్సన్న ఎస్టీడీ బూత్ తెలియని మనిషి ఆ రోజుల్లో ఉన్నాడంటే, వాడు పటాన్‌చెరు మనిషే కాదు! పాశమైలారం ఫ్యాక్టరీలో ప్రెస్సు కింద నర్సన్న ఎడమచేతి మూడు వేళ్లు పోతే, వికలాంగుల కోటాలో ఎనభై తొమ్మిదిలో వచ్చిన బూత్ అది. పసుపురంగు డబ్బా, అద్దాల గది, లోపల చిన్న ఫ్యాను. షిఫ్టు వదలగానే బీహారువాళ్లూ, ఒరిస్సావాళ్లూ, జిన్నారంవాళ్లూ వరుస కట్టేవాళ్లు. గది తలుపు సరిగా పడేది కాదు. ఎవరింట్లో బిడ్డ పుట్టిందో, ఎవరి పెళ్లి తప్పిపోయిందో వరుసలో ఉన్న అందరికీ తెలిసిపోయేది. నవ్వేవాళ్లు, అడక్కుండానే సలహాలిచ్చేవాళ్లు. అబ్బ, ఏం రోజులవి!

నర్సన్నది ఇస్మాయిల్‌ఖాన్‌పేట పక్క పల్లె, కూలి కుటుంబం. ఎదురొచ్చిన మనిషిని "యాడికి పోతున్నవే?" అని అడగకపోతే పొగరనుకునే ఊరు. అడిగి తెలుసుకోవడం, తెలిసింది పదిమందితో పంచుకోవడం అక్కడ మర్యాద. ఆ మర్యాదే కొంప ముంచింది.

తొంభై ఒకటిలో ఒకరోజు యాసిడ్ ఫ్యాక్టరీలో పనిచేసే జంగయ్య వచ్చి, సంగారెడ్డి లేబర్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. మాస్కులూ చేతి తొడుగులూ ఇవ్వడం లేదని చెప్పుకున్నాడు. మర్నాడు అదే ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ తన ఫోన్ కోసం వచ్చి నిలబడితే, నర్సన్న పలకరింపుగా అనేశాడు.

"మీ జంగన్న నిన్న లేబర్ ఆఫీసుకు ఫోన్ జేసిండు సార్. ఏమన్న పరేషాన్ల ఉన్నడా ఏంది? జెర అర్సుకోండ్రి."

పాపం, మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. మూడోరోజు జంగయ్యను గేటు దగ్గరే ఆపేశారు. ఎవరు చెప్పారో అతనికి తెలియలేదు. నెల తిరగకుండా భార్యాపిల్లలతో జిన్నారంలోని అత్తగారింటికి వెళ్లిపోయాడు. బస్సెక్కే ముందు బూత్ దగ్గరికొచ్చి, "పోయొస్త నర్సన్నా" అని చెప్పి మరీ వెళ్లాడు.

ఆ సాయంత్రమే నర్సన్న రేడియో కొన్నాడు. ఎవరు ఫోన్ ఎత్తినా శబ్దం పెంచి అటు తిరిగి కూర్చునేవాడు. ఫోన్ చేసిన నంబరు పడ్డ బిల్లు చీటీ వాళ్ల చేతిలోనే పెట్టి "చింపెయ్" అనేవాడు. తలుపు బాగు చేయించి, దానికో పర్దా కట్టించాడు. "నర్సన్నకు చెవుడొచ్చిందిరో!" అని జనం ఆటపట్టించారు. అననీ అనుకున్నాడు.

రెండువేలలో బూత్ కాస్తా ఇంటర్నెట్ సెంటరైంది. నాలుగు కంప్యూటర్లు, నాలుగు పర్దాలు, అదే రేడియో. వాటిని చూసుకోవడానికి డిప్లొమా చదివిన అన్నపూర్ణ అనే పిల్ల వచ్చింది. ఏ ఊరు బిడ్డా అంటే, "జిన్నారం కాకా. మా నాయిన జంగయ్య. ఒకప్పుడు ఈడ్నే యాసిడ్ కంపెనీల జేసెటోడు" అంది. ఆ జంగయ్య కూతురే! నర్సన్న జరిగింది చెప్పేద్దామనుకున్నాడు. "రేపటి సంది రా" అని మాత్రం అనగలిగాడు.

ఆ పిల్ల చురుకు చూడాలి! పర్దా చాటున కూర్చున్నా, మనిషి లేచి వెళ్లాక అతను చూసినవన్నీ కంప్యూటర్‌లో అలాగే ఉండిపోతున్నాయని కనిపెట్టింది. "చీటీ చింపిస్తవు గదా కాకా, గివి గూడ చింపాలె" అంటూ, ఒక్క మీట నొక్కితే ఆ జాడలన్నీ తుడిచేసే చిన్న ప్రోగ్రాం రాసింది. పర్దా అని పేరు పెట్టింది. సంగారెడ్డి, లింగంపల్లి సెంటర్లవాళ్లు అడిగి మరీ పట్టుకెళ్లారు. రెండేళ్లకు సెంటర్ పైగదిలోనే కంపెనీ పుట్టింది. బోర్డు రాయించింది నర్సన్న, కొబ్బరికాయ కొట్టిందీ నర్సన్నే. కరెంటు పోతే కంపెనీ మొత్తం, అంటే ముగ్గురు, మెట్ల మీద కూర్చుని మిర్చి బజ్జీలు తినేవాళ్లు. ఆ మెట్లంటే నర్సన్నకు ఇప్పటికీ ప్రాణం.

తర్వాత ఏయే దేశాలవాళ్లో పర్దాను తమ కంప్యూటర్లలో పెట్టుకున్నారు. కంపెనీ మాదాపూర్ అద్దాల మేడకు మారింది. ఒక పెద్ద సంస్థవాళ్లు వచ్చి, పర్దా వాడేవాళ్లు ఏమేం చూస్తున్నారో గుట్టుగా రాసిపెట్టి తమకిమ్మంటే, అన్నపూర్ణ ముఖం మీదే కాదంది. "మా నర్సన్న కాకా ఒకరి ముచ్చట ఇంకొకరికి చెప్పి ఎరగడు. ఆయన దగ్గర నేర్చుకున్న" అందట. ఆ మాట చెవిన పడ్డ రోజు నర్సన్న పొద్దుండగానే సెంటర్ మూసేసి ఇంటికెళ్లిపోయాడు.

రెండువేల ఎనిమిదిలో ఒక మధ్యాహ్నం ఆమె నోట్‌బుక్కుతో సెంటర్‌కు వచ్చింది. పేపర్లో పొట్లం కట్టించుకుని బజ్జీలు కూడా తెచ్చింది.

"కాకా, మా కంపెనీ చరిత్ర రాస్తున్న, వెబ్‌సైట్ల పెట్టెతందుకు. మొదటి పేజీ నీదే. ఇగ చెప్పు, అసలు ఆ రేడియో ఎందుకు పెట్టినవ్?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నిజం చెబితే ఈ పిల్ల మళ్లీ ఈ మెట్టెక్కదు. కడుపున పుట్టకపోయినా కూతురే అనుకున్న పిల్ల! చెప్పకపోతేనో, ఆ అబద్ధం చరిత్రలోకి ఎక్కుతుంది, దాన్ని జంగయ్య కళ్లద్దాలు పెట్టుకుని మురిసిపోతూ చదువుతాడు. నర్సన్న చేతిలోని బజ్జీ మళ్లీ పొట్లంలో పెట్టేశాడు.

"రాస్కో బిడ్డా" అన్నాడు చివరికి. "మీ నాయిన కొలువు పోగొట్టింది నేనే."

సూపర్‌వైజర్ సంగతి, తను అన్న మాట, బస్సెక్కుతూ జంగయ్య చెప్పిన వీడ్కోలు, అన్నీ చెప్పాడు. అన్నపూర్ణ కలం ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"నాయిన ఇప్పటికీ అంటుంటడు కాకా" అంది. "ఎవడు చెప్పిండో వాడు ఒక్కసారి నా ముంగట ఒప్పుకుంటే సాలు అని."

సెల్‌ఫోన్ తీసి నంబరు నొక్కి, వేళ్లు పోయిన ఆ ఎడమచేతిలో పెట్టింది.

"నాకు గాదు. నాయినకు చెప్పు."

లేచి రేడియో శబ్దం పెంచింది. పర్దా లాగి, బయటికి వెళ్లి అటు తిరిగి నిలబడింది.

"హలో, అన్నపూర్ణా?" అంది అవతల జంగయ్య గొంతు.

"నేను జంగన్నా... ఎస్టీడీ నర్సన్నను" అన్నాడు నర్సన్న. "నీకొక మాట చెప్పాలె."