నాయన బుగ్గలు

ఇత్తడి చెంబుకు పాలిష్ పెడుతుంటే, ఆ ఘాటు వాసనకి డెబ్బైలనాటి మా నాయన గుర్తొచ్చాడు. మదనపల్లెలో కాలేజీ బ్యాండు మాస్టరు ఆయన; బ్యాండు ఇత్తడి వాయిద్యాలకి ఇదే పాలిష్ పెట్టేవాడు. విద్యార్థులంతా ఊదుతుంటే తానొక్కడే ఎదురుగా నిలబడి కర్ర ఊపేవాడు. నాకు సిగ్గేసేది.

పుంగనూరులో ఆటల పోటీల రోజు, బ్యాండు అయిపోగానే మెట్టుమీద కూలబడ్డాడు.

"నీకు ఊదేది రాదా నాయనా?" అని అడిగాను.

"ఊదేదంతా అయిపాయమ్మా. ఇంగ ఊపేదే," అన్నాడు రొప్పుతూ.

కర్ర ఊపితేనే ఇంత ఆయాసమా అనుకున్నాను.

నేను పుట్టకముందే ఆయనకి క్షయ వచ్చిందనీ, తగ్గించి ఇంటికి పంపేటప్పుడు డాక్టర్లు ఇంక ట్రంపెట్ ఊదొద్దన్నారనీ పెద్దయ్యాక అమ్మ చెప్పింది.

కర్ర ఊపుతూ ఊపుతూ, ట్రంపెట్ల వంతు రాగానే ఆయన బుగ్గలు ఉబ్బేవి. ఆ కుర్రాళ్ల మీద కోపమొచ్చిందేమో అనుకునేదాన్ని.