ఊపని తువ్వాలు

మొన్న మధ్యాహ్నం మా మనవడు ఫోను నా కళ్ళద్దాలకు ఆనించినంత దగ్గరగా పెట్టి, క్రొయేషియా అనే దేశంలో చెవులు వినపడని ఒక ఫుట్‌బాల్ ఆటగాడి సంగతి చూపించాడు. ఏళ్ళ తరబడి ఆడి, ఆ తరవాత కోచ్ అయ్యాడట. పక్క బొమ్మలో రిఫరీ ఆటగాళ్ళకు కనపడేలా జెండా ఎత్తి నిలబడ్డాడు. ఆ జెండా మీంచి చూపు తిప్పేసుకున్నాను గానీ, నా నోరు ఊరుకునే రకం కాదు కదా. అలాంటివాణ్ణి మేము ఏనాడో ఏలూరులో తయారు చేశామనీ, వాడికి ఆట నేర్పింది నేనేననీ, జట్టుకు కెప్టెన్‌నీ నేనేననీ, దెందులూరు వాళ్ళ మీద ఒక్క మ్యాచిలో ఐదు గోల్స్ కొట్టాననీ చెప్పేశాను. వంటింట్లోంచి మా ఆవిడ, "ఏవండీ, పోయినసారి మూడన్నారు. వీడికి మీసాలొచ్చేసరికి డజను చేస్తారా ఏంటండీ?" అంది.

నా ఈడువాళ్ళే కదా, మీ దగ్గర దాపరికం దేనికి. ఐదూ కాదు, మూడూ కాదు. ఒక్కటే, అదీ బంతి నా మోకాలికి తగిలి దారి తప్పి లోపలికి పోయింది. కెప్టెన్‌ని కాదు సరికదా, ఎవరికైనా కాలు బెణికితే తప్ప నన్ను మైదానంలోకి పిలిచేవారు కారు. ఇక ఆ వినపడని ఆటగాడు మా మేనమామ కొడుకు, మా ఆవిడకు తోడబుట్టిన అన్న. నాకంటే ఏడాది చిన్న. వాడికి నేను నేర్పిందేమీ లేదు.

మేనమామ వాళ్ళది కైకలూరు అవతల కొల్లేట్లో చేపలు పట్టే కుటుంబం. బావమరిదికి పుట్టుకతోనే వినపడదు. అయితే ఆ ఊళ్ళో అదొక లోటుగా ఎవరికీ తోచేది కాదు. కొల్లేట్లో గాలి లేచిందంటే, చెవులు బాగున్నవాళ్ళకు కూడా పక్క పడవలో కేక వినపడదు. అందుకని అందరూ తలగుడ్డ తీసి ఊపుకునేవారు. తల మీదుగా గుండ్రంగా తిప్పితే రమ్మని, పైకెత్తి కిందికి ఒక్క విసురు విసిరితే ఆగమని. నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఊరంతా వాడి భాషే మాట్లాడేది. ఏలూరులో మా ఇంటికి వచ్చాకే వాడు చెవిటివాడయ్యాడు.

ఏలూరులో మా జట్టులో చేరాడు, బంతి మాత్రం వాడి మాట వినేది. చిక్కల్లా రిఫరీ ఈలతోనే. అందరూ ఆగిపోయాక కూడా వీడొక్కడూ పరిగెడుతుంటే చూసేవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవారు. అది చూడలేక, ఈల మోగగానే నేను గీత పక్కన నిలబడి కొల్లేటి పద్ధతిలో తువ్వాలు విసరడం మొదలుపెట్టాను. ఇది మాత్రం కోత కాదు, నేను చేసిందే. వాడు ఎంత జోరులో ఉన్నా ఒక కన్ను నా మీదే ఉంచేవాడు. వాడి సైగల్లో మనుషులకు పేర్లుండేవి. నా పేరు, భుజం మీంచి తువ్వాలు లాగి విసరడం.

జిల్లా జట్టుకు ఎంపిక జరిగిన రోజు వాడితో పాటు నేనూ వెళ్ళాను. ఆ జట్టులో చేరితే ఉద్యోగం దొరికే దారి ఉండేది, చెరువు పని తప్పేది. నన్ను పొద్దున పరుగులోనే పక్కన పెట్టేశారు. మధ్యాహ్నం మ్యాచికి ముందు రిఫరీగారి దగ్గరికి వెళ్ళి, మా వాడికి వినపడదండీ, తువ్వాలు ఊపితే ఆగుతాడు, ఊపడానికి నేనున్నాను అని హామీ ఇచ్చి గీత పక్కన నిలబడ్డాను. కాసేపటికి ఎంపిక చేసే పెద్దాయన నా పక్కనే నిలబడి ఇంకొకాయనతో, "ఆ కుర్రాడొక్కడూ ఉంటే చాలండీ, తక్కినవాళ్ళు ఎవరైనా ఒకటేనండీ" అన్నారు. ఆ తక్కినవాళ్ళలో కూడా నేను లేను.

అప్పుడే ఈల మోగింది. బావమరిది నా వైపు చూశాడు. నా చెయ్యి లేవలేదు.

ఈల విని గోల్‌కీపర్ చేతులు దించేశాడు. వీడు ముందుకు దూకి బలమంతా పెట్టి తన్నాడు. బంతి గోల్‌కీపర్ ముఖానికి తగిలి ముక్కు చితికి రక్తం కారింది. తోటివాళ్ళకు ప్రమాదం అని వాడి పేరు కొట్టేశారు. గాలికి తువ్వాలు ఎగిరి ముళ్ళకంచెకు చిక్కుకుందని అందరికీ చెప్పాను, మా మేనమామకు కూడా. నిజానికి ఆ రోజు ఆకు కదల్లేదు. తువ్వాలు నా భుజం మీదే ఉంది.

వాడు కైకలూరు తిరిగిపోయి చేపల చెరువుల్లో మేత చల్లాడు. చాలా ఏళ్ళకు తాడేపల్లిగూడెంలో ఒక బడి డ్రిల్లు మాస్టారు, కైకలూరు వచ్చినప్పుడు అక్కడి పిల్లలతో వాడి ఆట చూసి, తమ బడిలో ఆట నేర్పమని పెట్టుకున్నారు. వాడి మైదానంలో ఈల లేదు. అటొక తువ్వాలు, ఇటొక తువ్వాలు. ఎప్పుడు విసురుతారో తెలియదు గనక పిల్లలు తలెత్తే ఆడేవారు. తలెత్తి ఆడేవాడికి పక్కవాడు కనపడతాడు, బంతి వాడికి అందుతుంది. ఏలూరు జట్లు కూడా వాళ్ళ చేతిలో ఓడిపోయేవి.

ఒకసారి నిజం చెప్పేద్దామని గూడెం వెళ్ళాను. వాడి భాషలో తప్పయిపోయిందనడానికి సైగ నాకు తెలియదు. ఒక తువ్వాలు చాలదా, రెండెందుకని మాత్రం వేళ్ళతో అడిగాను. వాడు నా చెయ్యి పట్టుకుని కిందికి దించి, ఎంపిక రోజు ఉన్నట్టే పక్కన ఆనించాడు. తరవాత నవ్వి, ఆ చేతిలోనే ఒక తువ్వాలు పెట్టి, నన్ను గీత మీద నిలబెట్టాడు. ఆ సాయంత్రం ఒక్కసారి కూడా తప్పకుండా విసిరాను. వెళ్ళేటప్పుడు పిల్లలకు నన్ను చూపిస్తూ నా పేరు సైగ చేశాడు. పాత పేరే, భుజం మీంచి తువ్వాలు లాగి విసరడం. మార్చలేదు.

వాడు పోయి రెండేళ్ళు. కొల్లేట్లో ఇప్పుడు పడవకొక ఫోను, తలగుడ్డ ఊపేవాళ్ళు లేరు. గూడెం మైదానంలో కొత్త కోచ్ మెడలోకి ఈల వచ్చింది, పిల్లలు తల వంచి బంతినే చూసుకుంటూ ఆడుతున్నారు. నాకు మాత్రం ఎక్కడ ఈల వినపడినా, చివరికి వంటింట్లో కుక్కర్ కూత పెట్టినా, చెయ్యి దానంతటదే భుజం మీదికి పోతుంది. మా ఆవిడ చూసి నవ్వుతుంది. చెయ్యి ఎందుకలా పోతుందో ఆవిడకు ఇంతవరకూ చెప్పలేదు. వాడి చెల్లెలు కదండీ.