మనవాళ్ళకు చేసిన కత్తులు

బొగ్గు గనుల సెంట్రల్ వర్క్‌షాపులో హీట్ ట్రీట్‌మెంట్ విభాగానికి ఫోర్‌మన్‌గా ఉన్న రోజుల్లో, రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళు ఉన్నాయనగా, వానలు మొదలైన జూన్ నెలలో నాకొక అదనపు పని అప్పగించారు. వారానికి రెండు రోజులు చంద్రపూర్ నుంచి గడ్‌చాందూర్ వెళ్ళి, కంపెనీ సాయంతో అక్కడ నడుస్తున్న చిన్న కత్తుల కార్ఖానాను చూసి రావాలి. గనుల చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళ ఉపాధి కోసం కంపెనీ ఏటా కొంత ఖర్చు పెడుతుంది. ఆ ఖాతాలోంచే ఈ కార్ఖానాకు గ్రైండరు, బ్లోయరు, డ్రిల్లు ఇప్పించారు. ఇక్కడి వంటింటి కత్తుల్ని మా క్యాంటీన్లన్నిటికీ కొనాలని పెద్ద సాబ్ ఆలోచన. నాణ్యత బాగుందని నేను సంతకం పెడితేనే కొంటారు.

నిజం చెప్పాలంటే ఆ పని నాకు చిన్నతనంగా తోచింది. గనిలో మట్టి తవ్వే డ్రాగ్‌లైన్ యంత్రం గేరు పన్ను ఎందుకు విరిగిందో తేల్చే మనిషిని ఉల్లిగడ్డ కోసే కత్తి చూడమంటే ఎట్లా ఉంటుంది? రెండు వారాల్లో తేల్చేసి చేతులు దులుపుకుందామనుకున్నాను. మూడు నెలలు పట్టింది. అందులో చాలా భాగం నాకేమీ అర్థం కాకుండానే గడిచింది.

కార్ఖానా నడిపేది దేవదానం. యాభై దాటిన మనిషి. వాళ్ళ నాన్న ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చి గని కమ్మరి షాపులో సుత్తి పట్టాడు. కొడుక్కి ఆ పనే అబ్బింది. భార్య రూతమ్మ పిడులు చేస్తుంది. బల్లార్షా కోత మిల్లుల్లో అరిగిపోయిన బ్యాండ్‌సా బ్లేడ్లు, అంటే దుంగలు కోసే పొడుగాటి పట్టీ రంపాలు, తుక్కు కింద తెచ్చుకుంటారు. ఆ ఉక్కులో కార్బన్ ఎక్కువ. బజారులో మెరిసే స్టీలు కత్తి కంటే ఇది పదును నిలుపుతుంది. కాకపోతే తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. పిడులకు టేకు కూడా ఆ మిల్లుల దగ్గరే దొరుకుతుంది, కోతలో మిగిలిన ముక్కలు.

పని వరుస ఇది. రంపపు పట్టీని ఉలితో తెంపి, దాకలి మీద సాగగొట్టి, కత్తి ఆకారానికి గ్రైండరు పడతారు. తర్వాత కొలిమిలో నారింజ రంగు వచ్చేదాకా కాల్చి, తీసిన వెంటనే గోరువెచ్చని నూనెలో ముంచుతారు. దీన్ని మేము క్వెంచింగ్ అంటాం. ఉక్కు గట్టిపడేది అక్కడే. అయితే గట్టిపడ్డ కత్తి గాజులా పెళుసుగా ఉంటుంది కాబట్టి, దాన్ని మళ్ళీ సన్నని వేడి మీద గంటకు పైగా ఉంచుతారు. అది టెంపరింగ్. ఆ తర్వాత రూతమ్మ పిడికి బెజ్జాలు వేసి, ఇత్తడి రివెట్లు కొట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టిస్తుంది.

మొదటి వారం నేను తీసుకున్న నమూనాలన్నీ చక్కగా తేలాయి. ఆకురాయితో గీస్తే జారిపోయింది. గట్టి ఉక్కును ఆకురాయి పట్టదు, అది మా పాత పరీక్ష. వర్క్‌షాపులో రాక్‌వెల్ యంత్రం మీద పెడితే అన్నీ యాభై ఎనిమిదికి అటూ ఇటూ చూపించాయి. కాఠిన్యం కొలిచే ఆ యంత్రం మీద వంటింటి కత్తికి అంతకంటే ఏం కావాలి? సంతకం పెట్టడానికి పెన్ను తీశాననే చెప్పాలి.

సరిగ్గా అప్పుడే దేవదానం చెల్లెలు సువార్త వచ్చింది. భర్త ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు, నలుగురు పిల్లలు. నేను ఉన్నానని కూడా చూడకుండా ఒక కత్తి తెచ్చి దాకలి మీద పెట్టింది.

"అన్నా, గీ కత్తి టమాట గూడ కోస్తలేదు. పక్కింటి శాంతాబాయి నీ కత్తే బజార్ల కొన్నది, రెండు నెలల సంది మంచిగ కోస్తంది. బయటోళ్ళకు అసలుది, మాకు తుక్కా?"

దేవదానం ఆ కత్తి తీసుకొని వేలితో అంచు తడిమి చూశాడు. తర్వాత రూతమ్మ చెప్పింది. ఈ మాట సువార్త ఒక్కతే అనడం లేదట. వాళ్ళ చర్చిలో దేవదానం దగ్గర చెప్పి చేయించుకున్న వాళ్ళందరి కత్తులూ ఇట్లాగే ఉన్నాయి. సంతలో, ఊర్జానగర్ కాలనీలో కొన్నవాళ్ళకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. దేవదానం సంఘ పెద్దల్లో ఒకడు. మనవాళ్ళని నమ్మించి పాడు సరుకు అంటగడుతున్నాడని గుసగుసలు మొదలై, సంగతి తేలేదాకా పెద్దరికం పక్కన పెట్టమని పాస్టర్ మెల్లగా చెప్పాడు. ఆ మనిషి రెండు ఆదివారాలుగా వెనక వరుసలో గోడకానుకొని కూర్చుంటున్నాడట. పరువు పోతే ఆ కొలిమి వెలిగించి ఏం లాభమని ఆమె బాధ.

క్యాంటీన్ల సంగతి కూడా దీంతోనే ముడిపడింది. మంచివీ చెడ్డవీ ఎందుకు వస్తున్నాయో తెలియకుండా నేను సంతకం పెట్టలేను. తిరిగొచ్చిన కత్తులు అయిదు వర్క్‌షాపుకు తెచ్చి యంత్రం మీద పెట్టాను. ఒక్కటి కూడా నలభై దాటలేదు. ఇంకా చిత్రం, అయిదూ అయిదు రకాలుగా ఉన్నాయి.

ఉక్కు వేరేమో అనుకున్నాను. గ్రైండరు చక్రానికి ఆనించి నిప్పురవ్వలు చూస్తే కార్బన్ ఎంతుందో ఒక అంచనా తెలుస్తుంది. మంచి కత్తికీ చెడ్డ కత్తికీ రవ్వల్లో తేడా లేదు. ఇళ్ళలో గ్యాసు మంట మీద కాల్చారేమో అనుకున్నాను. ఒక ముక్క తీసి, అద్దంలా నునుపు చేసి, ఆసిడ్ పట్టించి మైక్రోస్కోపు కింద చూశాను. గట్టిపడి తర్వాత చెడిన ఉక్కు ఒక రకంగా, అసలు గట్టిపడనిది పొరలు పొరలుగా కనిపిస్తుంది. ఇది పొరలే. అంటే ఇంట్లో చెడలేదు, కార్ఖానాలోనే గట్టిపడలేదు. కానీ అదే కొలిమి, అదే నూనె, అదే చెయ్యి. సగం బజారుకీ సగం చుట్టాలకీ వెళ్తే చుట్టాలవి మాత్రమే మెత్తబడటం ఏమిటి? ఉక్కుకి బంధుత్వాలు తెలుస్తాయా? నాకు తల తిరిగింది.

ఒక రోజంతా కొలిమి పక్కనే స్టూలు వేసుకొని కూర్చున్నాను. ఆ రోజు సంతకు వెళ్ళేవీ, చర్చి వాళ్ళు అడిగినవీ కలిపి చేశాడు. ఏది ఎవరిదో గుర్తు పెట్టించాను. పటకారుతో తీయడం, ముంచడం, ఎక్కడా తప్పు కనపడలేదు. సాయంత్రం పరీక్షిస్తే అన్నీ గట్టివే, చుట్టాలవి కూడా. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. నేనుంటే గట్టిపడతాయి, లేకుంటే లేదు.

అప్పుడు నా బుర్రలోకి చెడ్డ ఆలోచన వచ్చింది. సువార్త అన్నదే నిజమా? చూసేవాళ్ళు లేనప్పుడు మనవాళ్ళే కదా, సర్దుకుపోతారులే అని ఈ మనిషి పని తేలిక చేసుకుంటున్నాడా? మనసులో పెట్టుకోవడం నాకు చేతకాదు, అడిగేశాను. అతని ముఖం నల్లబడింది.

"ఒక్కటే పట్టీ ముక్క సాబ్, ఒక్కటే కొలిమి. సొంత చెల్లెకు ఖరాబ్ మాల్ ఇస్తనా? నాకే సమజ్ అయితలేదు."

అబద్ధం చెప్పేవాడి గొంతు కాదది. అందుకే నాకు ఇంకా అయోమయం ఎక్కువైంది.

చివరికి ఒక ఉపాయం ఆలోచించాను. మా ఇంటికి ఒక కత్తి కావాలని, తొందరేమీ లేదని, నేను లేని రోజు చేసి పెట్టమని అతనికి చెప్పాను. నాకు చేస్తున్నందుకు సంబరపడి, ఇంట్లో అమ్మ పేరేమిటని అడిగాడు. నా భార్య పేరు సుగుణ అని చెప్పాను. ఆ వారమే గడ్‌చాందూర్ బజారులో ఒక పాత్రల దుకాణం నుంచి ఇంకో కత్తి, ఎవరికీ చెప్పకుండా కొన్నాను. రెండూ ఒకే రోజు చేసినవని తర్వాత కనుక్కున్నాను.

బజారు కత్తి యాభై ఏడు చూపించింది. నాకు ప్రత్యేకంగా చేసిన కత్తి నలభై దగ్గరే ఆగింది. పిడి మాత్రం రూతమ్మ ఎంత శ్రద్ధగా చేసిందంటే, టేకు చారలు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి కలిసిపోయాయి. నేను వాళ్ళ చుట్టాన్ని కాను, వాళ్ళ చర్చి వాణ్ణి కాను. పైగా సంతకం పెట్టవలసిన అధికారిని. మోసమే చేసేవాడైతే అధికారికి మెత్తని కత్తి ఇస్తాడా? ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇంతగా దిక్కుతోచని రోజు లేదు.

మర్నాడు వెళ్తే దేవదానం ఉక్కు కోసం బల్లార్షా పోయాడు. రూతమ్మ ఒక్కతే పిడులు రుద్దుతూ ఉంది. నా కత్తి కూడా మెత్తగానే వచ్చిందని చెప్పాను. ఆమె ఉప్పుకాగితం కింద పెట్టింది.

"గదెట్ల సాబ్? మీ దానికైతే పేరు పేరున ప్రార్థన చేసిండు. అమ్మ పేరు గూడ యాదిపెట్టుకొని చెప్పిండు."

ఎప్పుడు చేశాడని అడిగాను. కత్తి ఎర్రగా ఉన్నప్పుడు, అంది.

నేను ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాను. బజారు సరుకుకు పొద్దున కొలిమి వెలిగించేటప్పుడు అన్నిటికీ కలిపి ఒకే ప్రార్థన చేస్తాడట. తెలిసినవాళ్ళ కత్తి అయితే కొలిమిలోంచి తీసి, పటకారుతో పట్టుకొని, ఆ ఇంటివాళ్ళ పేర్లు చెప్పి, ఆ ఇంట్లో అన్నానికి లోటు రాకూడదని, ఆ కత్తి ఎవరి వేలూ కోయకూడదని ప్రార్థించి అప్పుడు నూనెలో ముంచుతాడు. ఇనుము ఎర్రగా ఉన్నప్పుడే దెబ్బను తీసుకుంటుంది కదా, మాటను కూడా అప్పుడే తీసుకుంటుందని వాళ్ళ నాన్న నుంచి వచ్చిన నమ్మకం. నేను స్టూలు వేసుకొని కూర్చున్న రోజు నా ఎదురుగా ఎట్లా అని సిగ్గుపడి, ఆ ప్రార్థన రాత్రికి వాయిదా వేసుకున్నాడు.

రంపపు పట్టీ పలుచన. గాలిలో నాలుగైదు క్షణాలు ఆగినా దాని వేడి పడిపోతుంది. ఆ తర్వాత నూనెలో ముంచినా, నీళ్ళలో ముంచినా ఉక్కు గట్టిపడదు. గట్టిపడే అవకాశం గాలిలోనే అయిపోతుంది.

దేవదానం తిరిగొచ్చాక, నేను లేననుకొని ఒక కత్తి చేయమన్నాను. మొహమాటపడుతూనే ఒప్పుకున్నాడు. చర్చిలో ఒక ముసలామె పేరు చెప్పి, ఆమె కోడలు పేరు, మనవరాలి పేరు చెప్పాడు. ఆ పిల్లకు జ్వరం తగ్గాలన్నాడు. నేను కత్తి వైపే చూస్తున్నాను. నారింజ రంగు ఎరుపైంది, ఎరుపు ముదిరింది, ఆమెన్ అనేసరికి అంచు నల్లబడింది. ఆకురాయి ఇచ్చి గీయమన్నాను. కత్తి మీద లోతుగా గీత పడింది. ఇంకో కత్తి తీసి వెంటనే ముంచమన్నాను. దాని మీద ఆకురాయి జారిపోయింది.

అతను రెండు కత్తుల్నీ చాలాసేపు చేతుల్లో తిప్పాడు.

"అయితే ప్రార్థన తప్పా సాబ్?"

 తప్పు ప్రార్థనది కాదని, అది చేసిన చోటుదని చెప్పాను. టెంపరింగులో గంటకు పైగా కత్తి సన్నని వేడి మీద ఉంటుంది, అక్కడ ఎంతసేపు చేసినా నష్టం లేదన్నాను. ఎక్కువసేపైతే చెడిపోదా అని అడిగాడు. వేడి పెంచకపోతే చెడిపోదన్నాను. ఎర్రగా ఉండదు కదా, మాట పడుతుందా అని ఇంకో ప్రశ్న వేశాడు. అది నా శాఖ కాదన్నాను. మొదటిసారి నవ్వాడు.

నా నివేదికలో కారణం కింద "బయటకు తీసిన తర్వాత ముంచడంలో ఆలస్యం" అని రాశాను. ఆలస్యానికి కారణం అడిగే గడి ఆ ఫారంలో లేదు. ఉన్నా ఏం రాసేవాణ్ణో నాకు తెలియదు.

సువార్తను దేవదానమే పిలిపించాడు. ఆమె ముందే కొత్త కత్తి చేసి, జరిగినదంతా చెప్పాడు. ఆమెకు మొదట నమ్మకం కుదరలేదు. అన్న తనను తాను కాపాడుకోవడానికి కథ అల్లాడనుకుందేమో, నా వైపు చూసింది. నేను యంత్రం మీద వచ్చిన అంకెలు చెప్పాను. నా కత్తి నలభై, మేమిద్దరమే కాబట్టి రెండు పేర్లతో అయిపోయింది. చర్చిలో ఇద్దరే ఉండే ఒక ముసలి దంపతులది ముప్పై తొమ్మిది. పిల్లలున్న ఇళ్ళవి ఇంకా తక్కువ. ఎవరి కత్తి అన్నిటికంటే మెత్తగా వచ్చిందని అడిగింది. నీదే, ఇరవై రెండు అన్నాను.

ఆమె అన్న వైపు తిరిగింది. "నలుగురు పిల్లల పేర్లు చెప్పినవా?"

"మీ ఆయనది, నీది గూడ," అన్నాడు దేవదానం.

సువార్త పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకొని అక్కడే కింద కూర్చుండిపోయింది. ఆ మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక ఆమే లేచి నిలబడి సంఘానికంతా చెప్పిందని, దేవదానాన్ని చెయ్యి పట్టుకొని ముందుకు తీసుకువెళ్ళిందని రూతమ్మ నాకు చెప్పింది. నెల తిరగకముందే క్యాంటీన్ల కాగితం మీద నేను సంతకం పెట్టాను.

లోపం ఎక్కడ వచ్చిందో విచారించేటప్పుడు ఏం చేశారు, ఎట్లా చేశారు, ఏ వేడిలో చేశారు అని అడగమని మాకు నేర్పారు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను ఎవరి కోసం చేశారని కూడా అడిగాను. చాలాసార్లు ఆ జవాబు దేనికీ పనికి రాలేదు. అయినా అడగడం మానలేదు.