కొళాయి దగ్గర ఆగిపోయిన ఊరు

2003వ సంవత్సరం, ఎండలు ముదిరిన కాలం. అనంతపురంలో ఒక ఇరుకు సందులో, జిరాక్సు అంగడికీ టైలరు అంగడికీ నడుమ నాకు కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. వరసగా రెండో ఏడు కూడా వానలు సరిగా పడలేదు. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడు వోల్టేజి ఎగిరెగిరి పడేది. ఆ దెబ్బకు జనం మిషన్లు కాలిపోయేవి, నాకు పని దొరికేది.

నేను చదివింది ఐదో తరగతి. ఇరవై ఏళ్ళు రేడియోలు, టీవీలు బాగుచేశాను. నలభై దాటాక పాత ఇంగ్లీషు పుస్తకాలు కొని, పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక్కొక్క మాటే విప్పుకుంటూ కంప్యూటర్ పని నేర్చుకున్నాను. డిగ్రీలున్నవాళ్ళు వచ్చి "నీకు సర్టిఫికెట్ ఉందా?" అని అడిగేవారు. లేదంటే పెదవి విరిచి వెళ్ళి, వారం తర్వాత అదే మిషను మోసుకుని నా దగ్గరికే వచ్చేవారు. ఆ పెదవి విరుపులు ఒక్కటీ మరిచిపోలేదు నేను.

మా పనిలో బర్న్ ఇన్ అని ఒకటుంది. రిపేరు అయిపోయాక మిషను మీద బరువైన ప్రోగ్రాం ఏదైనా గంటల తరబడి నడిపించి, వేడెక్కినా ఆగకుండా ఉంటుందా అని చూసుకోవడం. దానికి నేను ఒక పాత ఆట వాడేవాణ్ణి. ఓపెన్ వరల్డ్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. ఆడేవాడు ఒక వేషం కట్టి, పెద్ద దేశంలో తన ఇష్టం వచ్చిన చోటికి తిరగవచ్చు. ఊళ్ళుంటాయి, ఊళ్ళలో జనం ఉంటారు. ఆ జనాన్ని ఎన్‌పీసీలు, అంటే నాన్ ప్లేయర్ క్యారెక్టర్లు అంటారు. ఎవరూ ఆడించకుండా, ప్రోగ్రాం చెప్పినట్టు వాళ్ళంతట వాళ్ళే తిరిగే మనుషులు.

నేను ఆడేవాణ్ణి కాదు. ఒక ఊరి నడివీధిలో ఆపేసి నా పని నేను చూసుకునేవాణ్ణి. అలా కొన్ని నెలల పాటు ఆ ఊరి జనాన్ని చూశాను. కమ్మరి పొద్దస్తమానం సుత్తి వేస్తాడు, దాగలి మీద ఇనుము మాత్రం సాగదు. కోట వాకిట్లో కావలివాడు ఎన్నిసార్లు ఎదురైనా అదే ఒక్క ముక్క అంటాడు. ఇంట్లోకి దూరి కళ్ళెదుటే పెట్టె తెరిచినా, ఆ ఇల్లాలు వాతావరణం గురించి మాట్లాడుతుంది. కంప్యూటర్ పత్రికలేమో ఈ మనుషులు రాత్రయితే ఇంటికి వెళ్ళి పడుకుంటారనీ, అచ్చం ప్రాణమున్నవాళ్ళలా ఉన్నారనీ పేజీలు నింపేవి. పడుకున్నంత మాత్రాన ప్రాణమున్నట్టేనా? ఆ రాసినవాడు ఏనాడైనా ఒక ఊళ్ళో ఒక దినమన్నా కూర్చుని చూశాడా అని నాకు ఒళ్ళు మండేది.

అలాంటి ఒక మధ్యాహ్నం సరోజ వచ్చింది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల. ఇక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్ చివరి ఏడు చదువుతూ, ఇద్దరు స్నేహితురాళ్ళతో ఒక గదిలో అద్దెకుండేది. ముగ్గురూ కలిసి కొనుక్కున్న సెకండ్ హ్యాండ్ మిషనుకు ఎస్ఎంపీఎస్ పోయింది. కరెంటును మిషనుకు కావలసినంతగా తగ్గించి అందించే డబ్బా అది. నేను మార్చేదాకా ఆ పిల్ల స్టూలు మీద కూర్చుని, పక్క మిషన్లో నడుస్తున్న ఆ ఊరిని చూస్తూ ఉండిపోయింది.

"అన్నా, ఈ ఊర్లో నీళ్ళు యాడ పట్టుకుంటారు?" అని అడిగింది ఉన్నట్టుండి. నా వయసులో సగం లేదు, అయినా అంగడివాణ్ణి కాబట్టి అన్నా అనే పిలిచేది.

"నడీదిలో బావి ఉండాది గదా పాపా."

"ఉండాది. గంట నుంచి చూస్తాండా, ఒక్కరు గూడా దాని పక్కకు పోలేదు. బిందె ఎత్తుకున్న మనిషే లేదు ఈ ఊర్లో. ఒకర్నొకరు అన్నా అనరు, అత్తా అనరు. వీళ్ళు మనుషులెట్లయితారు?"

"ఆ ఆట చేసినోళ్ళ ఇండ్లల్లో నీళ్ళు గోడలోనుంచి వస్తాయిలే పాపా. వాళ్ళకేం తెలుసు?"

ఆ పిల్ల నవ్వలేదు. "అయితే నేనే చేస్తా ఊరు" అంది.

చేయడానికి కారణం ఉంది. చివరి ఏడు ప్రతి విద్యార్థీ ఒక ప్రాజెక్టు చేసి చూపించాలి. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి దాన్ని చూసి ప్రశ్నలడుగుతాడు. దాన్ని వైవా అంటారు. అందులో తప్పితే ఏడాది పోయినట్టే. ఆ రోజుల్లో చాలామంది హైదరాబాదు నుంచి రెడీమేడ్ ప్రాజెక్టులు తెప్పించుకునేవారు. ఆస్పత్రి లెక్కలు, లైబ్రరీ లెక్కలు. అట్ట మీద పేరు మారిస్తే చాలు. కాలేజీలో సారు కూడా అదే చేయమన్నాడట. సరోజ ఒప్పుకోలేదు.

"తప్పితే?" అన్నాను.

"తప్పితే మా నాయన ఇంగో సంవత్సరం ఇయ్యడు. వచ్చి మగ్గం కాడ కండెలు చుట్టుకో అని ముందే చెప్పేసినాడు. ఆయన తప్పు గాదులేన్నా, ఇంట్లో అట్లుండాది" అంది.

నెలన్నర తర్వాత, వైవా ఇంకా మూడు దినాలుందనగా, ఆటోలో సీపీయూ పెట్టుకుని ఏడుపు ముఖంతో వచ్చింది. "హ్యాంగ్ అయితాంది అన్నా. ఎన్నిసార్లు వేసినా పది నిమిషాలకంతా నిలబడిపోతాంది."

హ్యాంగ్ అంటే మిషను ఉన్నచోటే బిగుసుకుపోవడం. వేసి చూశాను. తెర మీద చిన్న ఊరు. పదమూడు మంది జనం. తల ఒక చుక్క, ఒళ్ళు ఒక గీత, అంతే. మూలన ఒక గడియారం. మన నిమిషం ఆ ఊళ్ళో ఒక గంట. పొద్దున లేస్తారు, ఒకడు గొర్రెలు తోలుకుపోతాడు, ఇద్దరు చేనికి, నలుగురు మగ్గానికి. ఆ గీతల నడకలోనే ఎవరు ముసలివాళ్ళో తెలుస్తోంది. నాకు ముచ్చటేసింది. తర్వాత ఒక్కొక్కరే కొళాయి వీధికి వచ్చారు, నిలబడ్డారు. పదమూడు మందీ నిలబడిపోయారు. ఇక కదలిక లేదు.

ర్యామ్ మార్చాను. అదే. ఫ్యాను విప్పి దుమ్ము దులిపాను. అదే. హార్డ్ డిస్క్ పరీక్షించాను, బాగుంది. ఒక దినం అలా పోయింది. ముప్పై ఏళ్ళ అనుభవం ఉందని చెప్పుకునేవాణ్ణి, మొట్టమొదట చేయాల్సింది మరుసటి రోజు గానీ చేయలేదు. కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కాలి. లైటు వెలిగి ఆరితే మిషనుకు ప్రాణం ఉన్నట్టు. నొక్కాను. వెలిగింది, ఆరింది. మూలన గడియారం కూడా తిరుగుతూనే ఉంది.

"ఇది హ్యాంగ్ గాదు పాపా. మిషను నడుస్తాంది. నీ జనమే నిలబడినారు. కొళాయి ఎప్పుడొస్తాది ఈ ఊర్లో?"

"మన మాదిరే. రెండు దినాలకొకసారి, ఒక్క గంట."

"బిందె ఖాళీ అయితే ఏం చేయమన్నావు వీళ్ళను?"

"కొళాయి కాడికి పోయి, నిండేదాకా నిలబడమన్నా."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ ఊరివాళ్ళు చెప్పినట్టే చేస్తున్నారు. రెండు దినాలంటే నలభై ఎనిమిది నిమిషాలు. చేను వదిలి, పొయ్యి వదిలి, నిద్ర వదిలి అంతా వరసలో నిలబడ్డారు. గంట నీళ్ళకు ఎనిమిది బిందెలు నిండుతాయి, మిగిలినవాళ్ళు మళ్ళీ రెండు దినాలు నిలబడతారు. ఇక ఆ ఊళ్ళో ఏ పనీ జరగదు.

"నిలబడకుండా పోతే వంతు పోతాది గదన్నా. ఎట్ల రాయల్ల దీన్ని?" అని తల పట్టుకుంది. అంతలో వీధిలో ఎవరో కొళాయి వచ్చిందని కేకేశారు. ఆ పిల్ల ఉలిక్కిపడి లేచింది. "అయ్యో, నా బిందె! పొద్దున్నే వరసలో పెట్టొచ్చినా, జరిపేసి ఉంటారు!"

"ఆగు పాపా" అన్నాను. "నువ్వు ఈడుండావు. నీ బిందె యాడుండాది?"

గడప మీద ఆగిపోయింది. నా వైపు చూసింది, తెర వైపు చూసింది. "మనిషి ఎందుకు నిలబడల్ల!" అని నుదురు కొట్టుకుని, ముందు నీళ్ళకు పరుగెత్తింది. నీళ్ళు తెచ్చుకున్నాకే వచ్చి కూర్చుంది. అదీ సరైన పనే.

ఆ రెండు రోజులూ సరోజ నిద్రపోయినట్టు లేదు. ఊళ్ళో అందరికీ రంగురంగుల బిందెలిచ్చింది. బిందె వరసలో పెట్టి మనిషి పనికి పోవచ్చు. చుట్టుపక్కల ఎవరూ లేకపోతే వెనకవాళ్ళు వచ్చి ముందున్న బిందెను జరపవచ్చు. "ఇది గూడా పెడతావా?" అంటే, "పెట్టకపోతే అది ఊరేనా అన్నా?" అంది.

వైవా రోజు ఆ పిల్ల భయపడుతూ రమ్మంటే నేనూ వెళ్ళాను. కాలేజీ ల్యాబులో సగం మిషన్లు నడవవు, ఎవరి మిషను వాళ్ళు తెచ్చుకోవచ్చన్నారు. వైర్లు తగిలించి గోడ పక్కన నిలబడ్డాను. పరీక్షాధికారి కాలవల కింద ఊళ్ళున్న జిల్లా నుంచి వచ్చినాయన. సరోజ కంటే ముందు ఒకడు ఆస్పత్రి ప్రాజెక్టు చూపించాడు. తెర మీద హైదరాబాదు ఆస్పత్రి పేరు అలాగే ఉంది, తుడవడం కూడా మరిచాడు. ఆయన "గుడ్" అన్నాడు.

సరోజ వంతు వచ్చింది. తెర మీద కొళాయి వీధి. వరసగా పదమూడు బిందెలు. మనిషి లేడు.

"ఏమ్మా, క్యూ అని రాశావు. మనుషులేరీ?"

"పనుల్లో ఉండారు సార్" అని ఒక మీట నొక్కి చేను, మగ్గాలు చూపించింది.

"అది సరే. క్యూలో ఉండాలి కదా మనుషులు? ఇక్కడ సామాన్లున్నాయేంటి? ఇది పూర్తి కాలేదమ్మా." పెన్ను తీసి కాగితం మీద ఏదో రాయబోయాడు. సరోజ మీట నొక్కి తెరను మళ్ళీ కొళాయి వీధికి తిప్పింది. ఏడాది పోయిందనుకున్నాను. నోరు తెరిస్తే పిల్లకు చెడు చేస్తానని పళ్ళు బిగించుకుని నిలబడ్డాను.

అప్పుడే అటెండరు నారాయణప్ప టీ తెచ్చాడు. గ్లాసు బల్ల మీద పెడుతూ తెర వైపు చూశాడు. "ఏమ్మా, ఇంగా నీళ్ళు రాలేదా ఈడ?" అన్నాడు.

పరీక్షాధికారి తలెత్తాడు.

తెర మీద ఒక గీత మనిషి వచ్చింది, వంగింది, పోయింది. నారాయణప్ప చేయి చాపాడు. "సూడు సూడు, ఎట్ల జరిపిందో! ఎవురూ లేరని!"

"ఏం జరిపింది?"

"ఎర్రబిందె ఆమె సార్. పచ్చబిందెను ఎనక్కి నూకి, తనది ముందర పెట్టుకోని పోయె. ఆ పచ్చబిందె ఆమె వస్తే ఊరుకుంటాదా?"

"నీకు కంప్యూటర్ వచ్చా?"

"నాకేమొస్తాది సార్. కొళాయి వచ్చు."

ఆయన పెన్ను మూత పెట్టాడు. టీ కూడా తాగలేదు. కాసేపటికి కొళాయి నుంచి సన్నటి నీలం గీత దిగింది. తెర నాలుగు వైపుల నుంచీ చుక్కలు పరుగెత్తుకొచ్చాయి. పచ్చబిందె మనిషి తన చోట తన బిందె లేక రెండుసార్లు వెనక్కీ ముందుకీ తిరిగింది. నారాయణప్ప "అద్దో, అద్దో" అన్నాడు. పరీక్షాధికారి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఎక్కడ కొన్నావిది?" అన్నాడు చివరికి.

"కొనలేదు సార్."

"మరెవరు చేశారు? ఈయనా?" నా వైపు చూశాడు.

"నాకు ప్రోగ్రాం రాయను రాదు సార్. నేను స్క్రూలు బిగించేవాణ్ణి. అంతా ఆ పాపే చేసింది. అడిగి చూడండి" అన్నాను. నా గొంతు కాస్త గట్టిగానే లేచింది.

అడిగాడు. పది ప్రశ్నలు. పదింటికీ చెప్పింది. "చాలు, ఆపెయ్యి" అని ఇంకొకరిని పిలిచాడు.

ఫలితం సంగతి: నూటికి నలభై రెండు వచ్చాయి. నలభైకి పాసు. ఆస్పత్రి పేరు తుడవనివాడికి ఎనభై పైనే వచ్చాయి. అది తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు నిద్ర చెడుతుంది. కానీ సరోజ మగ్గం కాడికి పోలేదు, పై చదువుకు పోయింది. ఆ రోజుకు అంతకంటే ఎక్కువ అడిగే ఓపిక మా ఇద్దరికీ లేదు.

నేను సీపీయూ చంకలో పెట్టుకుని వరండాలో నడుస్తుంటే నారాయణప్ప ఖాళీ గ్లాసులతో వెనకే వచ్చాడు.

"అమ్మా, ఆ పచ్చబిందె ఆమెకు దొరికినాయా నీళ్ళు?"

సరోజ ఆగింది. "లేదు నారాయణప్పా. ఆమె వంతు రాకముందే ఆర్పేసినా."

"అయ్యో" అని నాలుక చప్పరించాడు. "ఇంగ రెండు దినాలు ఆగల్ల గదమ్మా ఆమె."

"ఆగనీను. ఇంటికి పోతానే వేస్తా. ఆమె బిందె నిండినాకనే ఆర్పుతా" అంది ఆ పిల్ల, తమాషాకు కాదు.

తర్వాత చాలా ఆటలు వచ్చాయి. కుర్రాళ్ళు అంగడికి తెచ్చి, "చూడు, ఆ మనిషి వెంట్రుకలు గాలికి ఎట్ల ఎగురుతున్నాయో" అని చూపించేవారు. చూసేవాణ్ణి. ముఖం, బట్ట, కంటి రెప్ప, అన్నీ ఉండేవి. మిషను ఆర్పేసి బిల్లు కట్టి పోయాక, ఆ మనుషుల్లో ఫలానా ఆమె ఏమైందని నన్ను ఒక్కరూ అడగలేదు. బొమ్మలో ప్రాణం ఉందో లేదో చెప్పడానికి నాకు అప్పటినుంచి పత్రికలు అక్కర్లేకపోయాయి. ఒక చుక్కా ఒక గీతా ఉన్న మనిషి కోసం నారాయణప్ప వరండా చివరిదాకా మా వెంట నడిచి వచ్చాడు.